యువత లైంగిక ఆరోగ్య ప్రచారాలు: ఫలితాల మదింపు

సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ, అవాంఛిత గర్భం నుంచి యువతను కాపాడేందుకు ప్రభుత్వాలూ ఆరోగ్య సంస్థలూ ప్రచారాలు నడుపుతాయి. అవి నిజంగా పనిచేశాయా, చేస్తే ఎంత మేరకు, ఎవరి విషయంలో, ఎంత ఖర్చుతో అని తేల్చే అధ్యయనాలే ఫలితాల మదింపు. ప్రచారం అంటే ఇక్కడ హోర్డింగు, టీవీ ప్రకటన మాత్రమే కాదు. బడిలో చెప్పే పాఠం, హెచ్‌ఐవీ అవగాహన కోసం కాలేజీలో నడిపే రెడ్ రిబ్బన్ క్లబ్బు, వీధి నాటకం, సీరియల్, ఉచిత పరీక్షల శిబిరం కూడా ఇందులోకే వస్తాయి. మిగతా ఆరోగ్య ప్రచారాల కంటే వీటిని కొలవడం కష్టం. పోలియో చుక్కలు ఎంతమంది పిల్లలకు వేశారో రిజిస్టరు చూస్తే తెలుస్తుంది. పదిహేడేళ్ల కుర్రాడు ఎవరికీ తెలియకుండా చేసే పనిలో మార్పు వచ్చిందో లేదో ఏ రిజిస్టరూ చెప్పదు.

తెలుగువాళ్లకు ఈ చిక్కు అర్థం కావడానికి ఒక్క పేరు చాలు: పులిరాజా. 2000ల తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని ఊరూరా హోర్డింగులు పెట్టించింది. ఎవరీ పులిరాజా అని బస్సుల్లో, టీకొట్ల దగ్గర, కాలేజీ క్యాంటీన్లలో జనం మాట్లాడుకున్నారు. అప్పటి కుర్రాళ్లకు ఇప్పుడు నలభై దాటాయి, ఆ పేరు మాత్రం మరపున పడలేదు. ప్రచారం జనం నోట్లో నానిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కానీ ఆ హోర్డింగు చదివిన కుర్రాడు ఆ వారం కండోమ్ కొన్నాడా, అనుమానం వచ్చినప్పుడు రక్తపరీక్షకు వెళ్లాడా? జ్ఞాపకం ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. గుర్తుండటానికీ మారడానికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని కొలవడమే మదింపు చేసే పని.

ఏది కొలవాలి

ప్రచారం నడిపినవాళ్లు మామూలుగా చూపించే లెక్కలు సులువుగా దొరికేవి: ఎన్ని పోస్టర్లు అంటించాం, ఎన్ని కాలేజీలు తిరిగాం, ఎన్ని లక్షల మంది చూశారు. ఇది చేసిన పని లెక్క, వచ్చిన ఫలితం లెక్క కాదు. దీనికి పై మెట్టు తెలివిడి: హెచ్‌ఐవీ ఎలా సోకుతుందో, ఎలా సోకదో చెప్పగలరా? ఆపైన వైఖరి, ఆపైన నడవడి. అన్నిటికీ పైన శరీరం చెప్పే సాక్ష్యం ఉంటుంది: రక్తంలో హెచ్‌ఐవీ, హెర్పిస్ జాడలు, మూత్రంలో క్లమీడియా, ఆసుపత్రి రికార్డులో గర్భం, కాన్పు. మెట్టు ఎక్కేకొద్దీ కొలిచే ఖర్చు పెరుగుతుంది, కనబడే ఫలితం చిన్నదవుతుంది. అందుకే చాలా మదింపులు కింది మెట్ల మీదే ఆగిపోతాయి.

అలా ఆగితే ఏం పోగొట్టుకుంటామో టాంజానియాలోని మ్వాంజా ప్రాంతంలో జరిగిన ‘మేమా క్వా విజానా’ చూపించింది. యువతకు మంచి విషయాలు అని ఆ స్వాహిలీ మాటకు అర్థం. 1990ల చివర్లో 20 గ్రామీణ సముదాయాలను లాటరీ పద్ధతిలో రెండుగా విడగొట్టారు. ఒక సగంలో ప్రాథమిక పాఠశాలల పై తరగతులకు పాఠాలు చెప్పారు, తోటి పిల్లల చేత నాటకాలు వేయించారు, ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి కుర్రాళ్లతో మెలగడం నేర్పారు, ఊళ్లోని యువకుల ద్వారా కండోమ్‌లు అందుబాటులో ఉంచారు. రెండో సగాన్ని మామూలుగా వదిలేశారు. 9,645 మందిని మూడేళ్లపాటు గమనించారు. పాఠాలు విన్న పిల్లలకు విషయం బాగా తెలిసింది. వైఖరి మారిందని చెప్పారు. మగపిల్లల్లో కొందరు నడవడి కూడా మార్చుకున్నామన్నారు. రక్తపరీక్షలు మాత్రం వేరే మాట చెప్పాయి: హెచ్‌ఐవీలోగానీ హెర్పిస్‌లోగానీ రెండు సగాల మధ్య తేడా లేదు. 2007–08లో మళ్లీ వెళ్లి చూశారు. తెలివిడి అలాగే నిలిచి ఉంది, జబ్బుల లెక్కలో అప్పటికీ తేడా లేదు. రక్తం తీయకుండా ప్రశ్నపత్రంతోనే ముగించి ఉంటే ఈ కార్యక్రమం ఘనవిజయంగా పుస్తకాలకెక్కేది. ఆ పని చేసినవాళ్లు తమ వైఫల్యాన్ని దాచకుండా ప్రచురించారు. ఈ రంగం వాళ్లకు రుణపడి ఉంది.

శరీరం చెప్పే సాక్ష్యాన్నీ జాగ్రత్తగానే చదవాలి. పరీక్ష చేయించుకోండని ప్రచారం చేస్తే పరీక్షలు పెరుగుతాయి, వాటితోపాటు బయటపడే కేసులూ పెరుగుతాయి. ఆ అంకె ఒక్కటే చూసి జబ్బు ముదిరిందనుకుంటే బాగా నడిచిన ప్రచారాన్నే తప్పుపట్టినట్టవుతుంది. ఇంగ్లండులో 2003లో మొదలైన జాతీయ క్లమీడియా స్క్రీనింగ్ కార్యక్రమం ఈ చిక్కులోనే చాలాకాలం గడిపింది. 25 ఏళ్ల లోపువాళ్లకు ఉచిత పరీక్షలు పెట్టారు, సంఖ్యలు పెరిగాయి. జబ్బు వ్యాప్తి తగ్గిందా అన్న ప్రశ్నకు మాత్రం గట్టి జవాబు దొరకలేదు. స్థానిక ఆరోగ్య ట్రస్టులు ఎవరికి వారే కొనుగోళ్లు, ఎవరికి వారే ప్రచారాలు చేసి డబ్బు వృథా చేశాయని జాతీయ ఆడిట్ కార్యాలయం 2009లో ఎత్తిచూపింది. 2021లో లక్ష్యాన్నే మార్చారు. వ్యాప్తిని తగ్గించడం అన్న మాట పక్కనపెట్టి, చికిత్స అందని జబ్బువల్ల యువతులకు కలిగే హానిని తగ్గించడం మీదికి కార్యక్రమాన్ని మళ్లించారు.

చెప్పిన మాట, చేసిన పని

నడవడిని కొలవడానికి ఎక్కువగా ఉన్న దారి అడగడమే. అడిగితే వచ్చే జవాబు మీద ఎంత ఆధారపడవచ్చు? జింబాబ్వేలో ఒక అధ్యయనం, గత రెండు రోజుల్లో కండోమ్ లేకుండా కలయిక జరిగిందో లేదో చెప్పే ప్రయోగశాల పరీక్షను మహిళలు చెప్పిన మాటతో పోల్చింది. జరిగిందని పరీక్షలో తేలినవాళ్లలో దాదాపు సగం మంది జరగలేదనే చెప్పారు. అమెరికాలో పెళ్లిదాకా కన్యాత్వం కాపాడుకుంటామని ప్రతిజ్ఞ చేసిన యువతను ఐదేళ్ల తర్వాత అడిగితే, 82 శాతం మంది అసలు ప్రతిజ్ఞే చేయలేదన్నారు. వాళ్ల లైంగిక జీవితం ప్రతిజ్ఞ చేయని తోటివాళ్ల జీవితం లాగానే ఉంది. కండోమ్ వాడకం మాత్రం తక్కువ. ప్రచారం జరిగిన చోట ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. ఏది మంచి జవాబో నేర్పింది ఆ ప్రచారమే కదా. నడవడి మారకుండా జవాబు మాత్రమే మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

దీనికి మన దేశంలో బాగా వాడిన విరుగుడు ‘పోలింగ్ బూత్ సర్వే’. ఒక గదిలో పది పన్నెండు మందిని కూర్చోబెడతారు. అంతా ఆడపిల్లలే, లేదా అంతా మగపిల్లలే, దాదాపు ఒకే ఈడువాళ్లు. ఒకరు చేసేది ఒకరికి కనబడకుండా అట్టల అడ్డాలు ఉంటాయి. ఒక్కొక్కరి ముందు మూడు పెట్టెలు: అవునంటే ఒకటి, కాదంటే ఒకటి, నాకు వర్తించదంటే మరొకటి. చేతిలో అంకెలు వేసిన చీటీల కట్ట. ముందు నిలబడ్డ మనిషి ప్రశ్న చదువుతారు, ఆ అంకె ఉన్న చీటీ తీసి పెట్టెలో వేయాలి. పేరు లేదు, సంతకం లేదు, ఎదుట కూర్చుని మొహంలోకి చూసే మనిషి లేడు. చివర అందరి పెట్టెలూ కలిపేసి లెక్కపెడతారు. కర్ణాటక పల్లెల్లో ఇలా అడిగినప్పుడు, ముఖాముఖి అడిగితే బయటికి రాని సంబంధాలు ఎన్నో రెట్లు ఎక్కువగా బయటపడ్డాయి. అయితే ఈ పద్ధతిలో గుంపు లెక్క తెలుస్తుంది, మనిషి లెక్క తెలియదు. ప్రచారం చూసినవాళ్లే మారారా, చూడనివాళ్లూ మారారా అని విడదీయడం కుదరదు.

చట్టం వైపునుంచీ ఒక అడ్డు ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువారితో లైంగిక సంబంధం నేరం. అలాంటిది తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. పదహారేళ్ల అమ్మాయి నమ్మి నిజం చెబితే ఆ నమ్మకాన్ని నిలబెట్టుకునే వీలు పరిశోధకులకు ఉండదు. పేరు అడగని పద్ధతులే ఆ వయసుకు తగినవని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

పోలిక లేనిదే మదింపు లేదు

ప్రచారం జరిగింది, జబ్బు తగ్గింది, కాబట్టి ప్రచారం వల్లే తగ్గింది అనడం అందరూ చేసే పొరపాటు. దక్షిణాఫ్రికాలో 1999లో మొదలైన ‘లవ్‌లైఫ్’ ప్రపంచంలోకెల్లా పెద్ద యువజన హెచ్‌ఐవీ ప్రచారాల్లో ఒకటి. హోర్డింగులు, పత్రికలు, టీవీ, యువజన కేంద్రాలు, రైలు, క్రీడలు అన్నీ వాడారు. కొన్నేళ్లలోనే యువతలో కొత్త ఇన్ఫెక్షన్లను సగానికి తగ్గిస్తామని ప్రకటించారు. 2003లో 15–24 ఏళ్లవారిలో 11,904 మందిని దేశవ్యాప్తంగా సర్వే చేసి రక్తపరీక్షలు చేశారు. హెచ్‌ఐవీ 10.2 శాతం మందిలో కనబడింది: యువకుల్లో 4.8 శాతం, యువతుల్లో 15.5 శాతం. లవ్‌లైఫ్ కార్యక్రమాల్లో పాల్గొన్నవారిలో వైరస్ తక్కువగా ఉందని కూడా తేలింది. ఇది విజయమా? పాల్గొన్నవాళ్లు ముందునుంచే జాగ్రత్తపరులు అయి ఉండొచ్చు. దేశమంతా ఒకేసారి పరచిన ప్రచారానికి, అది తాకని ఊరిని పోలిక కోసం ఎక్కడ వెతుకుతాం? గూఢార్థపు హోర్డింగులు అర్థమే కావడం లేదన్న విమర్శలూ వచ్చాయి. 2005 చివర్లో, ఎయిడ్స్, క్షయ, మలేరియా నివారణకు డబ్బిచ్చే గ్లోబల్ ఫండ్ తన నిధులను కొనసాగించకుండా ఆపేసింది. సమర్థించినవాళ్లూ విమర్శించినవాళ్లూ అవే అంకెలు పట్టుకుని వాదించారు. పోలిక ముందే ఏర్పాటు చేసుకుని ఉంటే ఆ వాదన సగం తీరేది.

దేశమంతటా పరచకముందే ఒకచోట మాత్రమే నడిపి ప్రచారాన్ని కొలిచే దారి ఉంది. అమెరికాలో లెక్సింగ్టన్, నాక్స్‌విల్ అనే రెండు పట్టణాలను ఎంచుకుని, ఒక పట్టణంలో మాత్రమే 2003 తొలి నెలల్లో యువతకు కండోమ్ ప్రకటనలు ప్రసారం చేశారు. రెండు చోట్లా నెలనెలా కొత్తవాళ్లను అడుగుతూ పోయారు. ప్రచారం ఉన్నప్పుడు కండోమ్ వాడకం గీత పైకి లేచింది, ఆగిన కొన్ని నెలలకు మళ్లీ దిగింది. ప్రకటన ఆపితే ఫలితం కూడా అరిగిపోతుందన్న ఈ సంగతి, ఏటా ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1న మాత్రమే మేల్కొనే వ్యవస్థలు గమనించాల్సింది.

ఇంగ్లండు ప్రభుత్వం 1999లో, 18 ఏళ్ల లోపు గర్భాలను 2010కల్లా సగం చేస్తామని పదేళ్ల కార్యక్రమం చేపట్టింది. గడువుకు నాలుగోవంతు దాకా మాత్రమే తగ్గాయి. విఫలమైందని రాశారు. 1998లో వెయ్యికి 46.6గా ఉన్న రేటు 2014కు 22.8కి దిగింది, అంటే సగం కంటే తక్కువ. పేదరికం ఎక్కువగా ఉండి, డబ్బు ఎక్కువగా ఖర్చుపెట్టిన ప్రాంతాల్లో తగ్గుదల ఎక్కువని 2016లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం చూపింది. ఇతర దేశాల్లోనూ అదే కాలంలో ఆ రేట్లు పడ్డాయి కాబట్టి ఘనతంతా ఒక్క కార్యక్రమానికే కట్టలేం. కానీ 2010లో ఇచ్చిన తీర్పు తొందరపాటు తీర్పే.

ఏం పనిచేసింది, ఏది చేయలేదు

బడి పాఠాల మీద 2016లో, వైద్య ప్రయోగాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ చేసిన సమీక్ష ఎనిమిది పెద్ద ప్రయోగాలను, 55,157 మంది విద్యార్థులను కలిపి చూసింది. ఒట్టి పాఠాల వల్ల హెచ్‌ఐవీలోగానీ, ఇతర సుఖవ్యాధుల్లోగానీ, గర్భాల్లోగానీ తగ్గుదల రుజువు కాలేదు. ఆడపిల్లలు చదువు మానకుండా డబ్బు, యూనిఫాం లాంటి ఆసరా ఇచ్చినచోట గర్భాలు తగ్గే సూచన కనబడింది. దీన్ని పట్టుకుని పాఠాలే వద్దనడం పొరపాటు. తన శరీరం గురించి తెలుసుకోవడం పిల్లల హక్కు, అంకె తగ్గితేనే ఇచ్చే బహుమానం కాదు. పాఠం ఒక్కటే జబ్బును ఆపుతుందని నిధులు అడగడం మాత్రం మానుకోవాలి. సంయమనం తప్ప ఇంకేమీ చెప్పకూడదన్న అమెరికా కార్యక్రమాలదీ అదే గతి. నాలుగు కార్యక్రమాల మీద 2007లో వచ్చిన ప్రభుత్వ మదింపులో, పాఠాలు విన్నవాళ్లలో 49 శాతం, విననివాళ్లలోనూ 49 శాతం సంయమనం పాటించారు.

మాటలో ఏముందన్నది ఎంత తేడా తెస్తుందో పశ్చిమ కెన్యాలో ఆర్థికవేత్త పాస్కలిన్ డూపా చేసిన ప్రయోగం చూపింది. 328 ప్రాథమిక పాఠశాలలు. కొన్నిటిలో ఉపాధ్యాయులకు ప్రభుత్వ పాఠ్యప్రణాళికలో శిక్షణ ఇచ్చారు. దాని సారం పెళ్లిదాకా దూరంగా ఉండమనే. గర్భాల్లో తేడా రాలేదు. 71 బడుల్లో వేరేగా ఒకే ఒక్క తరగతి, నలభై నిమిషాలు, నడిపారు. వయసువారీగా, ఆడామగా విడివిడిగా హెచ్‌ఐవీ ఎంత ఉందో బోర్డు మీద రాశారు. పిల్లలు తమ ఈడు మగపిల్లల అంకె చూశారు, దానికంటే చాలా పెద్దదైన, బహుమతులిచ్చి వెంటపడే పెద్ద వయసు మగవాళ్ల అంకె చూశారు. అంతకు మించి నీతి చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి ఆ బడుల్లో ఆడపిల్లల గర్భాలు 28 శాతం తగ్గాయి. పెద్ద వయసువాళ్ల వల్ల వచ్చిన గర్భాలు బాగా పడిపోయాయి. భయపెట్టడం వేరు, లెక్క చేతిలో పెట్టి నిర్ణయం వాళ్లకు వదిలేయడం వేరు. రెండోదాన్ని ఆ పిల్లలు అందుకున్నారు.

దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లో 70 పల్లెల్లో జరిగిన ‘స్టెప్పింగ్ స్టోన్స్’ వారాల తరబడి చిన్న బృందాల చర్చలతో నడిచింది. హెచ్‌ఐవీ తగ్గుదల రుజువు కాలేదు, కొత్త హెర్పిస్ ఇన్ఫెక్షన్లు మాత్రం మూడోవంతు తగ్గాయి, భాగస్వామిపై చేయిచేసుకోవడం తగ్గిందని యువకులు చెప్పారు. నైజీరియాలో ‘ఎంటీవీ షుగా’ సీరియల్‌ను 80 చోట్ల 18–25 ఏళ్లవారితో పరీక్షించారు. పోలిక కోసం ఎంచుకున్న చోట్ల వేరే సీరియల్ చూపించారు. ఎనిమిది నెలల తర్వాత షుగా చూసినవాళ్లలో హెచ్‌ఐవీ పరీక్షకు వెళ్లినవాళ్లు దాదాపు రెట్టింపు, యువతుల్లో క్లమీడియా సగానికి పైగా తక్కువ. కథలో లీనమైనవాళ్లలోనే ఫలితం ఎక్కువగా కనబడింది.

ఉద్దేశం మంచిదైనా హాని జరగవచ్చనడానికి పశ్చిమ ఆస్ట్రేలియా బొమ్మల కథ కన్నా గట్టి ఉదాహరణ లేదు. చిన్న వయసులో తల్లి కావడం ఎంత కష్టమో తెలిసివస్తే ఆడపిల్లలు జాగ్రత్తపడతారని, పదమూడు నుంచి పదిహేనేళ్ల విద్యార్థినులకు యంత్రపు పాపాయిని ఇంటికి పంపేవారు. అది రాత్రీ పగలూ ఏడుస్తుంది. ఎత్తుకోవాలి, పాలు పట్టాలి, డైపర్ మార్చాలి, ఊపాలి. ఎంత బాగా చూసుకున్నారో లోపలి యంత్రం లెక్క రాస్తుంది. పెర్త్ ప్రాంతంలోని 57 బడుల్లో 2,834 మంది అమ్మాయిలను ఇరవయ్యేళ్లు వచ్చేదాకా ఆసుపత్రి రికార్డుల్లో గమనించారు. బొమ్మను ఇంటికి తీసుకెళ్లినవాళ్లలో 8 శాతం మందికి కాన్పు అయింది, మామూలు ఆరోగ్య పాఠాలు విన్నవాళ్లలో 4 శాతం మందికే. గర్భస్రావం చేయించుకున్నవాళ్లు 9 శాతం, అటు 6 శాతం. 2016లో ఈ ఫలితం వచ్చేనాటికే ఆ బొమ్మలు ఎన్నో దేశాల బడుల్లో తిరుగుతున్నాయి.

మన దగ్గర

దక్షిణాదిలో మార్పుకు గట్టి సాక్ష్యం గర్భిణుల రక్తపరీక్షల నుంచి వచ్చింది. 15–24 ఏళ్లవారికి వైరస్ సోకి ఎక్కువ కాలం అయి ఉండదు, కాబట్టి ఆ వయసు గర్భిణుల్లో కనబడే శాతం కొత్త ఇన్ఫెక్షన్లకు దగ్గరి కొలత. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడులలో కలిపి ఆ శాతం 2000లో 1.7 ఉంటే 2004కు 1.1కి దిగింది. ఉత్తరాదిలో అలాంటి తగ్గుదల లేదు. సెక్స్ వర్కర్లు, వాళ్ల దగ్గరకు వెళ్లే మగవాళ్లలో కండోమ్ వాడకం పెరగడమే కారణం కావచ్చని పరిశోధకులు రాశారు. అవే ఏళ్లలో కండోమ్ పంపిణీ, పరీక్షా కేంద్రాలు, సెక్స్ వర్కర్ల సంఘాలు, పులిరాజా అన్నీ కలిసి నడిచాయి. ఎవరి వాటా ఎంతో విడదీసే పోలికను ముందుగా ఏర్పాటు చేయలేదు.

హెచ్‌ఐవీ అవగాహన ప్రదర్శనతో 2007 డిసెంబరు 1న బయలుదేరిన రెడ్ రిబ్బన్ ఎక్స్‌ప్రెస్ రైలు చూసినవాళ్లకు చూడనివాళ్లకంటే ఎక్కువ విషయాలు తెలుసని సర్వేల్లో తేలింది. ఆసక్తి ఉన్నవాళ్లే కదా స్టేషను దాకా వచ్చేది. 2005లో కేంద్ర ప్రభుత్వం బడుల్లోకి తెచ్చిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్, కర్ణాటక సహా పలు రాష్ట్రాలు ఆపేశాయి. ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో బడుల్లో సెక్స్ ఎడ్యుకేషన్ వద్దని సిఫారసు చేసింది. ఆ గొడవంతా సంస్కృతి చుట్టూ తిరిగింది. బిహార్‌లోని నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో జరిగిన ‘సెహెర్’ ప్రయోగం అంతకంటే పనికొచ్చే సంగతి తేల్చింది. అవే విషయాలు బయటినుంచి వచ్చిన శిక్షణ పొందిన కౌన్సెలర్ చెబితే బడి వాతావరణం, పిల్లల మానసిక స్థితి, పునరుత్పత్తి ఆరోగ్యం గురించిన తెలివిడి మెరుగుపడ్డాయి. ఆ బడి టీచరే చెబితే ఏ మార్పూ రాలేదు. 2018లో వచ్చిన ఈ ఫలితం, టీచరుకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి చేతులు దులుపుకునే పద్ధతిని ప్రశ్నిస్తోంది.

తెలివిడి మెట్టు దగ్గరే మనకు ఇంకా చాలా పని ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్‌ఐవీ గురించి సమగ్రంగా తెలిసినవారు దేశంలో మహిళల్లో 21.6 శాతం, పురుషుల్లో 30.7 శాతమే. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది, తెలుగు రాష్ట్రాల్లో ఈ పని చేసేవాళ్లు ముందు చూడాల్సింది దాన్ని. 15–19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవారు, గర్భంతో ఉన్నవారు దేశంలో 6.8 శాతం, తెలంగాణలో 5.8 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. మన దగ్గర కౌమార గర్భం చాలావరకు పెళ్లయిన పిల్ల గర్భం. ఆమె బడి మానేసింది, కాలేజీ క్లబ్బులో లేదు, ఫోన్ ఆమె చేతిలో ఉంటుందన్న నమ్మకం లేదు. రాబోయే ప్రచారాన్ని మదింపు చేసేవాళ్లు తమ సర్వే జాబితాలో కాలేజీ పిల్లల పక్కన ఆమె పేరూ చేర్చండి, మొదటి పోస్టరు అంటించకముందే వెళ్లి ఆమెను అడగండి.